ఆరు సైట్లకు ఒకే వర్డ్‌ప్రెస్సా, ఆరు వర్డ్‌ప్రెస్సులా? తిరుపతి ప్రాజెక్టు డైరీ

1వ రోజు

తిరుపతిలో ఆఫీసున్న చేతిపనివాళ్ల సమాఖ్య ఒకటి, దాని కింద ఐదు ఊళ్ల సంఘాలు: శ్రీకాళహస్తి కలంకారీ, మాధవమాల కొయ్యబొమ్మలు, పలమనేరు మట్టిపని, వెంకటగిరి చీరలు, నారాయణవనం మగ్గాలు. సమాఖ్యకొకటి, సంఘాలకు ఐదు, మొత్తం ఆరు సైట్లు కావాలి. రాసేవాళ్లకు ముందునుంచీ అలవాటున్నది వర్డ్‌ప్రెస్ డాష్‌బోర్డే కాబట్టి సాఫ్ట్‌వేర్ గురించి చర్చ లేదు. తేలాల్సిందల్లా, ఆరు సైట్లూ ఒకే ఇన్‌స్టలేషన్‌లో మల్టీసైట్‌గా నడవాలా, దేనికది వేరుగా పెట్టాలా అన్నది.

సర్వర్ ఒకటే. 2 కోర్లు, 4 జీబీ ర్యామ్, 80 జీబీ డిస్కు. వెబ్ సర్వర్‌గా ఎన్‌జిన్ఎక్స్, కోడ్ నడపడానికి పీహెచ్‌పీ, డేటాబేసుకు మరియాడీబీ.

సైట్లు ఎన్ని అన్న లెక్కతో ఈ ప్రశ్న తేలదు. ఆరు అనగానే మల్టీసైట్ వైపు చెయ్యి పోతుంది, అది తొందరపాటు. ప్రతి సంఘానికీ నాలుగు ప్రశ్నలు పంపాం. సొంత డొమైన్ కావాలా? సైట్లో అమ్మకాలుంటాయా? ప్లగిన్‌లు (సైటుకు అదనపు పనులు చేర్చే ముక్కలు) ఎవరు పెట్టాలి, సంఘమా సమాఖ్యా? రెండేళ్ల తర్వాత సమాఖ్య నుంచి విడిపోతే సైటును వెంట తీసుకెళ్లాలా? జవాబులు వచ్చేలోగా పరీక్షా సర్వర్ మీద రెండు పద్ధతులూ కట్టి చూడటం మొదలైంది.

2వ రోజు

మల్టీసైట్ అంటే ఏం పంచుకుంటాయో, ఏం పంచుకోవో ముందుగా టేబుళ్లలోనే చూడాలి.

మామూలు వర్డ్‌ప్రెస్‌కు డేటాబేసులో 12 టేబుళ్లు. మల్టీసైట్ చేస్తే వాటికి నెట్‌వర్క్ టేబుళ్లు 6 చేరి 18 అవుతాయి. ఆపైన పెట్టే ప్రతి సైటుకూ సొంతంగా 10: పోస్టులు, కామెంట్లు, ఆప్షన్లు, వర్గాలు వగైరా. యూజర్ల టేబులు, యూజర్‌మెటా టేబులు మాత్రం అందరికీ ఉమ్మడి. రెండో సైటు టేబుళ్ల పేర్లకు ముందు డబ్ల్యూపీ_2_ అని వస్తుంది, మూడోదానికి డబ్ల్యూపీ_3_. మొదటి సైటుకు అంకె ఉండదు, వట్టి డబ్ల్యూపీ_ మాత్రమే. ఈ అంకె లేకపోవడం ముందుముందు బ్యాకప్పుల దగ్గర ఇబ్బంది పెడుతుంది.

లెక్క కడితే ఆరు సైట్ల మల్టీసైట్‌కు 18, ఐదు పదులు 50, మొత్తం 68 టేబుళ్లు. ఆరు విడి ఇన్‌స్టలేషన్లకు ఆరు పన్నెండ్లు 72. తేడా నాలుగే టేబుళ్లు! డేటాబేసు తేలికవుతుందని మల్టీసైట్ ఎంచుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. ఆదా అయ్యేది ఫైళ్ల దగ్గర. వర్డ్‌ప్రెస్ కోర్ ఒక్కటే 70 ఎంబీ పైచిలుకు. ఆరుసార్లు పెట్టినా 80 జీబీ డిస్కుకు అదేమంత బరువు కాదు. అసలు లాభం ఆప్‌క్యాష్‌లో, అంటే పీహెచ్‌పీ కోడ్‌ను మెమరీలో సిద్ధంగా ఉంచే చోట ఉంది. మల్టీసైట్‌లో అన్ని సైట్లూ అవే పీహెచ్‌పీ ఫైళ్లు వాడతాయి కాబట్టి మెమరీలో ఒక్క ప్రతి చాలు. విడిగా పెడితే ఆరు ప్రతులు. ఆప్‌క్యాష్‌కు మామూలుగా ఇచ్చే 128 ఎంబీ అప్పుడు చాలదు, 256కు పెంచాలి. దానికి ఒక్క లైను మార్చి పీహెచ్‌పీ సర్వీసును మళ్లీ మొదలుపెడితే సరి.

వర్డ్‌ప్రెస్ లాంటిదే అయిన డ్రూపల్ తెలిసినవాళ్లకు ఒక మాట. అక్కడ మల్టీసైట్ అంటే కోడ్ ఉమ్మడి, డేటాబేసులు దేనికవి. వర్డ్‌ప్రెస్‌లో డేటాబేసూ ఒకటే, యూజర్లూ ఒకటే. పేరొకటే కదా అని అక్కడి అనుభవాన్ని ఇక్కడికి తెచ్చుకోవద్దు.

3వ రోజు

సమాఖ్య పాత సైటు కాపీ మీద మల్టీసైట్ చేశాం. ప్లగిన్‌లన్నీ ఆపేసి, డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైలులో మల్టీసైట్‌కు అనుమతిచ్చే లైను రాశాక, టూల్స్ కింద నెట్‌వర్క్ సెటప్ కనిపించింది. అయితే సబ్‌డైరెక్టరీ పద్ధతి (సైటు పేరు చిరునామా చివర వచ్చేది) ఎంచుకునే వీలే ఇవ్వలేదు; సబ్‌డొమైన్లే (పేరు డొమైన్ ముందు వచ్చేవి) వాడాలంది. కారణం, ఇన్‌స్టలేషన్ నెల దాటి ఉండటం. పాత సైటులో ఇప్పటికే ఉన్న పేజీ చిరునామా, కొత్త సైటుకు పెట్టబోయే దారి ఒకటే అయితే ఢీకొంటాయి. అందుకని వర్డ్‌ప్రెస్ ఆ దారి మూసేస్తుంది. సబ్‌డైరెక్టరీలే కావాలంటే కొత్త ఇన్‌స్టలేషన్‌తో మొదలుపెట్టాలి. అట్లాగే కొత్తది పెట్టి మళ్లీ చేశాం.

సబ్‌డైరెక్టరీ పద్ధతిలో ఇంకో చిక్కు: మొదటి సైటు పోస్టుల లింకుల్లో మధ్యన బ్లాగ్ అన్న ముక్క వచ్చి చేరుతుంది. పాత లింకులు జనం దగ్గర ఇప్పటికే తిరుగుతుంటే ఇది గుర్తుండాలి.

4వ రోజు

మాధవమాల సైటు మొదటి పేజీ చక్కగా తెరుచుకుంది. డాష్‌బోర్డు మాత్రం రంగూ రూపూ లేకుండా, వట్టి లింకుల వరసగా వచ్చింది. నెట్‌వర్క్ సెటప్ ఇచ్చే రీరైట్ నియమాలు (చిరునామాలను మళ్లించేవి) అపాచీ అనే ఇంకో వెబ్ సర్వర్ చదివే హెచ్‌టీయాక్సెస్ ఫైలు కోసం రాసినవి. ఎన్‌జిన్ఎక్స్ ఆ ఫైలును చూడనే చూడదు. దాంతో మాధవమాల పేరు కింద స్టైల్ ఫైళ్లను అడిగితే, ఆ పేరుతో నిజమైన ఫోల్డరు లేదు కనుక 404, అంటే దొరకలేదన్న జవాబు వచ్చింది. సైటు పేరును తీసేసి డబ్ల్యూపీ-అడ్మిన్, డబ్ల్యూపీ-ఇన్‌క్లూడ్స్, డబ్ల్యూపీ-కంటెంట్ రిక్వెస్టులనూ, డబ్ల్యూపీ- తో మొదలయ్యే పీహెచ్‌పీ ఫైళ్లనూ అసలు ఫోల్డరుకు మళ్లించే రీరైట్ లైన్లు ఎన్‌జిన్ఎక్స్ సర్వర్ బ్లాకులో చేత్తో రాయాలి. రాశాక, కాన్ఫిగ్ సరిగ్గా ఉందో లేదో పరీక్షించి, ఆ తర్వాతే రీలోడ్ చెయ్యాలి. సబ్‌డొమైన్ పద్ధతిలో ఈ లైన్ల అవసరమే లేదు.

5వ రోజు

శ్రీకాళహస్తి నుంచి కలంకారీ తెరల ఫొటోలు వచ్చాయి. ఫోనులో తీసినవే, ఒక్కోటి 4 నుంచి 6 ఎంబీ. ఒక్కటీ ఎక్కలేదు. పీహెచ్‌పీ పరిమితి 64 ఎంబీ, ఎన్‌జిన్ఎక్స్ పరిమితి కూడా అంతే, రెండూ సరిగానే ఉన్నాయి. అడ్డుపడింది మల్టీసైట్ సొంత పరిమితి. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఒక ఫైలుకు మొదటినుంచీ ఉండేది 1500 కేబీ మాత్రమే. విడి ఇన్‌స్టలేషన్‌లో ఇట్లాంటిది లేదు కనుక, చాలామంది సర్వర్‌లో వెతుకుతూ గంటలు పోగొట్టుకునేది ఇక్కడే. 10,000 కేబీకి పెంచాం. అదే పేజీలో అనుమతించే ఫైలు రకాల జాబితా కూడా ఉంటుంది. సంఘాలు ఏ రకం ఫైళ్లు పంపుతాయో అడిగి, లేనివి అప్పుడే చేర్చుకుంటే మంచిది.

యూజర్లను చేర్చేటప్పుడు ఇంకొకటి తగిలింది. మల్టీసైట్‌లో యూజర్‌నేమ్ కనీసం 4 అక్షరాలుండాలి, చిన్న ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు తప్ప ఇంకేమీ కుదరవు. చుక్కలు, అండర్‌స్కోర్లు ఉన్న పాత పేర్లను మార్చాల్సి వచ్చింది.

7వ రోజు

ఈ వారంలో అన్నిటికంటే ఎక్కువ నేర్పింది ఒక మ్యాపు.

శ్రీకాళహస్తి సంఘం అడ్మిన్ తమ పనిశాలకు దారి చూపే గూగుల్ మ్యాపును ఐఫ్రేమ్ (వేరే సైటు ముక్కను పేజీలో చూపే) కోడ్‌తో పేజీలో పెట్టారు. సేవ్ చేశారు. మ్యాపు లేదు. ఎడిటర్ తెరిస్తే కోడ్ కూడా లేదు, ఆ చోటు ఖాళీ. తిరుపతి ఆఫీసులో సూపర్ అడ్మిన్ (నెట్‌వర్క్ మొత్తానికీ పెత్తనం ఉన్న) ఖాతాతో అదే కోడ్ పెడితే నిలబడింది. సాయంత్రం శ్రీకాళహస్తి వాళ్లు అదే పేజీలో ఫోను నంబరు ఒకటి దిద్ది సేవ్ చేస్తే, మ్యాపు మళ్లీ పోయింది.

ఇది లోపం కాదు. విడి వర్డ్‌ప్రెస్‌లో అడ్మిన్‌కూ ఎడిటర్‌కూ ఏ హెచ్‌టీఎంఎల్ అయినా వడపోత లేకుండా రాసే హక్కు ఉంటుంది. మల్టీసైట్‌లో ఆ హక్కు సూపర్ అడ్మిన్ ఒక్కరిదే. ఒక సైటు అడ్మిన్ పెట్టే స్క్రిప్టు మిగతా సైట్లవాళ్ల లాగిన్‌నూ దెబ్బకొట్టగలదు కాబట్టి ఈ కట్టడి న్యాయమైనదే. ప్లగిన్‌లు, థీములు ఇన్‌స్టాల్ చేసే హక్కు కూడా సైటు అడ్మిన్‌కు ఉండదు; సూపర్ అడ్మిన్ తెచ్చిపెట్టినవాటిని ఆన్ చెయ్యడం, ఆఫ్ చెయ్యడం వరకే, అదీ నెట్‌వర్క్‌లో అనుమతిస్తేనే. యూట్యూబ్ లింకు ఒక్కటే వేరే లైనులో అతికిస్తే వీడియోగా మారుతుంది, దానికి ఇబ్బంది లేదు. మ్యాపులకు మాత్రం షార్ట్‌కోడ్ (కోడ్‌కు బదులు బ్రాకెట్లలో రాసే చిన్న మాట) ఇచ్చే ప్లగిన్ ఒకటి పెట్టి, ఐఫ్రేమ్ మానేయించడమే మార్గం. హక్కు తిరిగి ఇచ్చేసే ప్లగిన్‌లూ ఉన్నాయి. వద్దు. కట్టడి ఎందుకుందో తెలిశాక దాన్ని తీసేయడం మంచిది కాదు.

వేరే వేరే ఊళ్ల నుంచి, వేరే వేరే పెత్తనాల కింద పనిచేసేవాళ్లకు మల్టీసైట్ ఎక్కడ బిగుసుకుంటుందో ఈ ఒక్క మ్యాపు చూపించింది. ఉమ్మడి కాపురంలో తాళాల గుత్తి ఒకరి నడుముకే ఉంటుంది. ఆ ఒకరు ప్రతిరోజూ అందుబాటులో ఉండాలి.

8వ రోజు

ఇది రెండు పద్ధతులకూ వర్తించేది, అయినా ఇక్కడ రాసిపెట్టాలి, తెలుగులో రాసే ప్రతి సైటుకూ తగిలేదే కాబట్టి.

ఒక పోస్టు పేరు "శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ నీళ్ల పని". ఇంకోటి "శ్రీకాళహస్తి కలంకారీలో కసిం తయారీ". రెండో దాని లింకు చివర 2 అని అంకె వచ్చింది, రెండూ ఒకే పేరైనట్టు. ఎందుకంటే, లింకులో వాడే ముక్కను దాచే గడి 200 అక్షరాలదే. తెలుగులో ప్రతి అక్షరం, ప్రతి గుణింతం గుర్తు, పొల్లు, సున్నా యూటీఎఫ్-8 అనే అక్షరాలు దాచే పద్ధతిలో 3 బైట్లు. లింకులో ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలవుతుంది. అంటే ఒక్కో గుర్తుకు 9. శ్రీకాళహస్తి అన్న మాటలోనే 12 గుర్తులు, 108 అక్షరాలు. కలంకారీలో అంటే 9 గుర్తులు, 81. మధ్య ఖాళీలు రెండు. 191 అయ్యాక మిగిలేది 9, అందులో ఒకే ఒక్క గుర్తు పడుతుంది. కరక్కాయలోనూ క, కసింలోనూ క. రెండు పేర్లూ అక్కడికే తెగి ఒకటైపోయాయి.

ప్రచురించే ముందు లింకు ముక్కను ఇంగ్లీషు అక్షరాల్లో, మూడు నాలుగు మాటల్లో చేత్తో రాయడమే దీనికి మందు. తెలుగు గుర్తులున్న లింకును ఆపి గుర్తుచేసే చిన్న ప్లగిన్ రాశాం. మల్టీసైట్‌లో దాన్ని ఎంయూ-ప్లగిన్స్ ఫోల్డరులో ఒక్కసారి వేస్తే అన్ని సైట్లలోనూ పనిచేస్తుంది, ఎవరూ ఆపలేరు. విడి సైట్లయితే ఆరుచోట్ల కాపీ చేసి, మార్చిన ప్రతిసారీ ఆరుచోట్లా మార్చాలి. మల్టీసైట్ పక్షాన ఇది గట్టి పాయింటు.

మామూలు ప్లగిన్‌ల విషయంలో జాగ్రత్త. సొంత టేబులు చేసుకునే ప్లగిన్‌ను నెట్‌వర్క్ మొత్తానికి ఒకేసారి ఆన్ చేస్తే, దాని మొదలుపెట్టే కోడ్ ఒక్కసారే నడుస్తుంది. రాసినవాళ్లు మల్టీసైట్‌ను దృష్టిలో పెట్టుకోకపోతే టేబులు మొదటి సైటుకే పుడుతుంది, మిగతా సైట్లలో ఫారాలు నింపినా ఎక్కడా చేరవు. పరీక్షకు పెట్టిన ఫారం ప్లగిన్ ఒకటి సరిగ్గా ఇట్లాగే చేసింది. సైటు సైటుకూ వెళ్లి విడిగా ఆన్ చేస్తే సరిపోయింది.

10వ రోజు

జవాబులు వచ్చాయి. శ్రీకాళహస్తి, వెంకటగిరి: సొంత డొమైన్, అమ్మకాలు, సొంత ప్లగిన్‌లు, విడిపోతే వెంట తీసుకెళ్లాలి. మాధవమాల, పలమనేరు, నారాయణవనం: ఫొటోలు, వార్తలు, ఫోను నంబరు చాలు, మిగతాదంతా సమాఖ్యే చూసుకోవాలి.

నిర్ణయానికి ముందు ఒక పరీక్ష మిగిలింది. మల్టీసైట్‌లోకి వెళ్లడం అరగంట పని. బయటికి రావడం ఎంత పనో చెయ్యకుండా తెలియదు. పరీక్షా నెట్‌వర్క్‌లో 2వ సైటుగా ఉన్న శ్రీకాళహస్తిని బయటికి తీశాం. టూల్స్‌లోని ఎక్స్‌పోర్ట్ వాడితే పోస్టులు, పేజీలు, కామెంట్లు, వర్గాలు వస్తాయి. థీము సెట్టింగులు, విడ్జెట్లు, ప్లగిన్ సెట్టింగులు రావు. అందుకే టేబుళ్ల దారి పట్టాం.

డబ్ల్యూపీ_2_ టేబుళ్లు పదింటినీ డంప్ (ఫైలుగా నకలు) తీసి, కొత్త ఇన్‌స్టలేషన్‌లోకి డబ్ల్యూపీ_ పేర్లతో ఎక్కించాలి. యూజర్లలో ఈ సైటులో హక్కులున్నవాళ్లనే, అవే ఐడీ అంకెలతో తేవాలి. ఐడీ మారితే ఒకరి రాతలు ఇంకొకరి పేరు మీదికి పోతాయి. యూజర్‌మెటాలో డబ్ల్యూపీ_2_కేపబిలిటీస్, డబ్ల్యూపీ_2_యూజర్_లెవెల్ అన్న పేర్లలోంచి 2ను తీసేయాలి.

ఇంతవరకూ చేసి లాగిన్ అయితే, పాస్‌వర్డ్ తీసుకుంది గానీ ఈ పేజీ చూసే అనుమతి మీకు లేదంది. కారణం ఆప్షన్స్ టేబులులో ఉంది. హోదాలు దాచే వరస పేరు డబ్ల్యూపీ_2_యూజర్_రోల్స్‌గానే మిగిలిపోయింది. టేబులు పేరు మార్చినంత మాత్రాన లోపలి వరస పేరు మారదు. దాన్ని డబ్ల్యూపీ_యూజర్_రోల్స్ చేశాక డాష్‌బోర్డు తెరుచుకుంది.

ఫొటోలు అప్‌లోడ్స్/సైట్స్/2 ఫోల్డరులో ఉంటాయి. వాటిని అప్‌లోడ్స్ కిందికి తెచ్చి, పోస్టుల్లోని దారులు మార్చాలి. ఇక్కడ ఎస్‌క్యూఎల్ రీప్లేస్ వాడకూడదు. విడ్జెట్లు, థీము సెట్టింగులు సీరియలైజ్ చేసిన రూపంలో, ప్రతి ముక్క ముందు దాని పొడవు అంకెగా రాసి ఉంటాయి. ముక్క మారి అంకె మారకపోతే వర్డ్‌ప్రెస్ ఆ సెట్టింగును చదవలేక వదిలేస్తుంది. ఆ అంకె అక్షరాల లెక్క కాదు, బైట్ల లెక్క, కాబట్టి తెలుగు ఉన్నచోట చేత్తో సరిదిద్దుదామన్నా తప్పే పడుతుంది. కమాండ్లతో వర్డ్‌ప్రెస్‌ను నడిపే డబ్ల్యూపీ-సీఎల్ఐలోని సెర్చ్-రీప్లేస్ అంకెనూ కలిపి మారుస్తుంది. ముందు డ్రై-రన్‌తో ఎన్ని మారతాయో చూసి, జీయూఐడీ (పోస్టు శాశ్వత గుర్తింపు) కాలమ్‌ను వదిలేసి నడిపాం. చివర పర్మలింక్స్ పేజీలో ఒకసారి సేవ్ నొక్కాలి, లేకపోతే లోపలి పేజీలన్నీ 404.

మొత్తం ఒక పూట పట్టింది, అదీ అమ్మకాల ప్లగిన్ ఇంకా లేనప్పుడు. ఆర్డర్లు, కొనుగోలుదారుల ఖాతాలు చేరాక ఇదే పని చెయ్యాలంటే, కొనేవాళ్లు కూడా ఉమ్మడి యూజర్ల టేబులులోనే ఉంటారు. ఎవరు ఏ సైటు కొనుగోలుదారో ఏరడం పెద్ద పని.

11వ రోజు

నిర్ణయం: శ్రీకాళహస్తి, వెంకటగిరి విడి ఇన్‌స్టలేషన్లు, వేరువేరు డేటాబేసులు, వేరువేరు డేటాబేసు యూజర్లు, సర్వర్‌లో వేరువేరు లినక్స్ ఖాతాలు. సమాఖ్య, మాధవమాల, పలమనేరు, నారాయణవనం నాలుగూ కలిపి ఒక మల్టీసైట్, సబ్‌డొమైన్ పద్ధతిలో. టేబుళ్లు 48, 24 కలిపి మళ్లీ 72.

సబ్‌డొమైన్లకు వైల్డ్‌కార్డ్ (అన్ని సబ్‌డొమైన్లకూ ఒకటే సరిపోయే) డీఎన్‌ఎస్, వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ తప్పనిసరి అని చాలామంది అంటారు. సైట్లు తరచూ పుట్టే చోట అవసరం. ఇక్కడ ఉన్న సబ్‌డొమైన్లు మూడే. డీఎన్‌ఎస్‌లో మూడు 'A' రికార్డులు రాసి, సమాఖ్యతో కలిపి నాలుగు పేర్లతో ఒకే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ తీసుకున్నాం. వైల్డ్‌కార్డ్ అయితే డీఎన్‌ఎస్ ద్వారానే రుజువు చూపాలి, రెన్యువల్ ఆటోమేటిక్‌గా జరగాలంటే డీఎన్‌ఎస్ వాళ్ల ఏపీఐ కావాలి. మూడు పేర్ల కోసం అంత అక్కర్లేదు.

రేపు పలమనేరుకు సొంత డొమైన్ కావాలన్నా ఇబ్బంది లేదు. 2016లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 4.5 నుంచి నెట్‌వర్క్ అడ్మిన్‌లో సైటు చిరునామా మారిస్తే చాలు. సన్‌రైజ్ ఫైలు పెట్టమని చెప్పే పాత పాఠాలు ఇంకా తిరుగుతున్నాయి, అవి అంతకుముందువి. డొమైన్ మార్చాక కుకీలు ఆగిపోయాయని లాగిన్ పేజీ అంటే, కుకీ డొమైన్‌ను ఆ వచ్చిన హోస్ట్ పేరుకే కట్టే లైను డబ్ల్యూపీ-కాన్ఫిగ్‌లో వెయ్యాలి.

13వ రోజు

క్రాన్, అంటే టైము ప్రకారం పనులు నడిపేది. పలమనేరులో ఉదయం 6కి టైము పెట్టిన పోస్టు పదింటికీ బయటికి రాలేదు. డబ్ల్యూపీ-క్రాన్‌ను ఆపి సర్వర్ క్రాన్‌తో సమాఖ్య చిరునామాను పిలుస్తున్నాం. ఆ పిలుపు ఆ ఒక్క సైటు పనులనే చేస్తుంది. మల్టీసైట్‌లో ప్రతి సైటుకూ క్రాన్ వేరు. డబ్ల్యూపీ-సీఎల్ఐతో సైట్ల చిరునామాల జాబితా తీసి, ఒక్కోదానికీ గడువైన పనులు నడిపే చిన్న లూప్ రాసి, 5 నిమిషాలకోసారి పెట్టాం.

బ్యాకప్. సైటుకొక ఫైలు, రాత్రి 2 గంటలకు. మొదటి సైటుకు అంకె లేదని మొదట్లో రాసింది ఇందుకే: డబ్ల్యూపీ_ తో మొదలయ్యే టేబుళ్లన్నీ అని అడిగితే నాలుగు సైట్లవీ వచ్చేస్తాయి. ఆ డంప్‌ను సమాఖ్య సైటు ఒక్కటే అనుకుని వెనక్కి ఎక్కిస్తే, మిగతా మూడూ నిన్నటికి వెళ్లిపోతాయి. డబ్ల్యూపీ-సీఎల్ఐలో టేబుళ్ల జాబితాను బ్లాగ్ స్కోప్‌తో, సైటు చిరునామా ఇచ్చి అడిగితే ఆ సైటువే ఇస్తుంది. ఉమ్మడి టేబుళ్లకు వేరే ఫైలు. ఒక్కో ఫైలునూ పరీక్షా సర్వర్‌పై తిరిగి ఎక్కించి చూశాకే పని అయినట్టు రాసుకున్నాం.

15వ రోజు

అప్‌డేట్లు. మల్టీసైట్‌లో కోర్ అప్‌డేట్ ఒక్కసారే. ఆ తర్వాత నెట్‌వర్క్ అడ్మిన్‌లో అప్‌గ్రేడ్ నెట్‌వర్క్ నొక్కడం మర్చిపోవద్దు, ఒక్కో సైటు టేబుళ్లను అదే సరిచేస్తుంది. ప్లగిన్ అప్‌డేట్ చెడితే నాలుగు సైట్లూ కలిసి పడతాయి, కాబట్టి ముందు పరీక్షా సర్వర్‌లో. విడి సైట్లు రెండింటికీ డబ్ల్యూపీ-సీఎల్ఐ లూప్: డేటాబేసు డంప్, కోర్, ప్లగిన్‌లు, థీములు, ఆ వరసలోనే. అది నడిచాక చూసుకోవాల్సింది ఆప్‌క్యాష్ నిండిందా అని. ఇవాళ 256లో 141 ఎంబీ వాడుకలో ఉంది.

మిగిలినవి: వెంకటగిరి డొమైన్ బదిలీ, శ్రీకాళహస్తి అమ్మకాల పేజీకి డెలివరీ ఛార్జీలు, నారాయణవనం పాత ఫొటోలు 340. అవి ఎక్కించేముందు పొడవు వైపు 2000 పిక్సెళ్లకు తగ్గించాలి.